కరియోడి చెవి

తుంబవాడ,
పాతపట్నం పోస్టు.
మే 12, 1968

గున్నమ్మత్తకి,

పద్మ నమస్కారాలు. క్షేమంగా చేరాను. నువ్విచ్చిన చేగోడీల డబ్బా బస్సులో ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను, ఒక్కటీ విరగలేదు. ఇన్నేళ్ళు నీ దగ్గర ఉండి చదువుకుని వచ్చేసరికి ఇక్కడ నాకే కొత్తగా ఉంది. పొద్దున లేవగానే నీ గొంతు కోసం చూస్తున్నాను.

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. మావకి చెప్పినా పర్వాలేదు, ఇదంతా మావ పంపిన ఇన్సూరెన్సు ఏజెంటు గురించే. మిల్లు ఇళ్ళ లైన్లో ఇంకెవరికీ చెప్పకు.

ఆయన వచ్చారు. పేంటు, నల్లబూట్లు, తోలుసంచీ. వెంట పశువుల డాక్టరు. ఆ రోజు మామ్మ ఇంట్లో లేదు, టెక్కలిలో పెళ్ళికి వెళ్ళింది. నాన్న కావాలనే ఆ రోజు రమ్మన్నాడు. ఇద్దరికీ మంచం వేసి మజ్జిగ ఇచ్చి, కాగితాలు నా చేతిలో పెట్టాడు. "ఇంగ్లీసు కదా, నువ్వే సూడమ్మా. ఏటి రాసుందో సెప్పు, ఏటి తీసుకోవాలో కూడా నువ్వే సెప్పు" అన్నాడు. అత్తా, నేను స్కూల్లో చదివిన ఇంగ్లీషులో దున్నపోతు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

మళ్ళీ మళ్ళీ చదివితే తేలింది ఇది. నాన్న కట్టగలిగిన డబ్బుకి రెండు దారులున్నాయి. దున్నలు రెండింటినీ రాయించుకోవచ్చు, కానీ అప్పుడు పిడుగు పడో, మంటల్లో చిక్కుకునో, గెడ్డలో కొట్టుకుపోయో చస్తేనే కంపెనీ ఇస్తుంది. రోగమొస్తే ఏమీ రాదు. లేదంటే ఒక్కదాన్నే రాయించి రోగాలతో సహా అన్నిటికీ పెట్టుకోవచ్చు. నాన్న కాసేపు ఆలోచించి, మన ఊళ్ళో దున్న మీద పిడుగు పడగా తానెప్పుడూ చూడలేదన్నాడు. నేను రోగమే ఉండాలన్నాను. అంటే ఒక్కటే.

ఏది అన్న దగ్గర ఇద్దరం ఆగాం. రెండు దున్నల్లో బొల్లోడు పెద్దవాడు, అడుగు ముందేసేవాడు, నాన్న చెయ్యి కదలకముందే వాడికి తెలిసిపోతుంది. కరియోడు వాడి పక్కనుంటేనే తిన్నగా నడుస్తాడు. నాన్నకి బొల్లోడిని రాయించాలని ఉంది. నేనే కరియోడన్నాను. చిన్నవాడు, ఇంకా చాలా ఏళ్ళు దున్నుతాడు, వాడు పోతేనే ఎక్కువ నష్టం అని లెక్చరిచ్చాను. నాన్న నవ్వి, "సదూకున్నదానివి, నువ్వన్నదే ఖాయం. బొల్లోడికేటవుతాది, రాయి" అన్నాడు.

డాక్టరు కరియోడికి మెడ దగ్గర సూది వేశారు. అది కంపెనీ షరతట. తర్వాత గుర్తు కోసం కుడి చెవి కొస కత్తెరతో తుంచేశారు. చెవికి తగిలించే బిళ్ళలు అయిపోయాయట. కరియోడు ఒక్కసారి తల విదిలించి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టాడు. కళ్ళు తిరిగింది నాకే.

మామ్మకి చెప్పకూడదని నాన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. మామ్మ తిరిగొచ్చాక చెవి చూసింది. ఏదో అడిగింది, నేనేదో అన్నాను. అది అక్కడితో అయిపోయింది, నువ్వు కంగారు పడకు.

ఎస్సెల్సీ ఫలితాలు పేపర్లో పడగానే చూడు. నా నంబరు నీ దేవుడి పటం వెనక పెట్టి వచ్చాను.

నీ
పద్మకుమారి


నెల్లిమర్ల,
మే 20

ఒసే పద్మా,

నీ ఉత్తరం అందినాది. నీలాగ నాకు అచ్చరాలు గుండ్రంగా రావు, నవ్వకు. చేగోడీలు ఇరగలేదని రాసినావు గానీ తిన్నావో లేదో రాయలేదు.

మీ మావ ఉత్తరం ఇని మీసం దువ్వుకుంటన్నాడు, ఏజెంటుని పంపింది తనే కదా. నేను మాత్రం ఒక్క దగ్గర ఆగిపోనాను. సెవి తుంచినారా? కుడి సెవా?

నీకు తెలీదు, పసిపిల్లప్పుడే నా దగ్గరికి వచ్చేసినావు. మన ఊళ్ళో దున్నకి గానీ మేకకి గానీ కుడి సెవి కొస తుంచితే అది అసిరితల్లి సొత్తు. మొక్కినట్టు లెక్క. దాని మెడ మీద కాడి ఎయ్యకూడదు. తల్లి పండగ వచ్చినప్పుడు గుడి ముందు దాని తల తెగాల. మీ నాన్నకి ఇది తెలీకుండా ఉంటాదా? తెల్సు. డాక్టరు ముందు నోరు పెగిలి ఉండదు. మా అన్న ఎప్పుడూ అంతే, పేంటోడు కనబడితే మూగోడైపోతాడు.

మా అమ్మ, అదే మీ మామ్మ, ఏటడిగింది? నువ్వేటన్నావు? "ఏదో అడిగింది ఏదో అన్నాను" అని రాస్తే నేను ఊరుకుంటాననుకున్నావా. ఇన్నేళ్ళు నా పక్కలో పడుకున్నావు. నువ్వు "ఏదో" అన్నావంటే అది సిన్న సంగతి కాదు.

అమ్మకి ఇన్సూరెన్సు మాట సెప్పకూడదన్నది మాత్రం నిజమే. బతికున్నదాని సావుకి ఎల కడితే సావు దారి కనుక్కుని వస్తాది అంటాది. నా పెళ్ళైన కొత్తలో మీ మావ తన పేరున కట్టుకున్నాడని తెలిసి ఏడాది పాటు మా గడప తొక్కలేదు. దున్నంటే ఇంకేటి, యముడి బండికే సావు రాయించినారంటాది.

సెవికి పసుపు పెట్టు. మానిపోయాక ముళ్ళకంప గీరుకుందని సెప్పొచ్చు. ఇంకా ఆలీసెం అవలేదు.

మీ అత్త
గున్నమ్మ


తుంబవాడ,
జూన్ 12

అత్తా,

ఆలస్యం అయిపోయింది. నీ ఉత్తరం రాకముందే అయిపోయింది. నీకు రాయడానికి ఇన్నాళ్ళు ధైర్యం చాలలేదు.

మామ్మ టెక్కలి నుంచి వచ్చిన రోజే పశువుల సాలలోకి వెళ్ళి కరియోడి చెవి పట్టుకుంది. "ఎవులు తుంచినారే?" అంది. నాన్న పొలంలో ఉన్నాడు. నేనేమీ అనకపోయేసరికి తనే అంది, "తల్లికా?" అని. నేను తల ఊపాను. "నీ సదువుకా? పాసైతే ఇత్తానని మొక్కినావా?" అంది. మళ్ళీ ఊపాను. అంతే అత్తా. నోటితో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. మొక్కంటే కొబ్బరికాయ లాంటిదేదో అనుకున్నాను.

మామ్మ నా తల దగ్గరికి తీసుకుని నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఎప్పుడూ పెట్టుకోలేదు. "ఇంగ్లీసు సదువులో పడి తల్లిని మర్సిపోనావనుకున్నాను" అంది. సాయంత్రానికి ఊరంతా చెప్పేసింది.

వానలు మొదలయ్యాయి. అందరూ మడి దున్ని దమ్ము చేస్తున్నారు. మామ్మ కరియోడి మెడ మీద కాడి వెయ్యనివ్వదు. వేరే జత అద్దెకి దొరకదు, ఎవరి పని వాళ్ళకుంది. నాన్న బొల్లోడినొక్కడినే తోలుకుని పొలానికి వెళ్తాడు. ఏం చేస్తాడో తెలీదు. నిన్న అన్నం పట్టుకెళ్ళాను. నాన్న గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బొల్లోడు కాడి పక్కన నిలబడి, కరియోడు ఉండాల్సిన వైపు తల తిప్పి చూస్తున్నాడు. నాన్న నన్ను చూసి, "అమ్మకి ఇయ్యాల నేనే సెప్తాను" అన్నాడు. చెప్పలేదు.

ఇప్పుడైతే చెప్పడానికి అసలు లేదు. సూరయ్య గారి సాలలో గొంతువాపు వచ్చింది. సూరయ్య గారంటే నీకు గుర్తుందా, ఊరికి పెద్ద, మన వీధి చివర పెద్ద అరుగున్న ఇల్లు. పొద్దున మేత తిన్న ఎద్దు సాయంత్రానికి గొంతు ఉబ్బి గురక పెట్టి పడిపోయింది. తర్వాత ఇంకోటి. తర్వాత ఆ వెనక వీధిలో. మొక్కిన దున్నని ఇంట్లో కట్టుకుని కూర్చున్నారు, అందుకే తల్లికి కోపం వచ్చిందంటున్నారు. ఇలాంటప్పుడు మా ఇంట్లో పశువు చస్తే డబ్బొచ్చే కాగితం ఉందని తెలిస్తే ఏమంటారు? మేమే చేతబడి చేశాం, చిల్లంగి పెట్టామంటారు. చిల్లంగి పెట్టినవాళ్ళకి పళ్ళు ఊడగొడతారని మామ్మే చెప్పింది, చిన్నప్పుడు తను చూసిందట. నాన్న పళ్ళు తెల్లగా ఉంటాయి అత్తా. పొద్దున్నే వేపపుల్లతో తోముకుంటుంటే చూసి లోపలికి వచ్చేశాను.

ఒక్క సంగతి మావని అడగమను. దున్నని గుడి దగ్గర నరికితే కంపెనీ ఇస్తుందా? అడగడానికే సిగ్గుగా ఉంది. అడుగు.

పద్మ


నెల్లిమర్ల,
జూన్ 13

నా బంగారు తల్లీ పద్మకి,

నీ దగ్గర్నుంచి ఇంకా ఉత్తరం రాలేదు గానీ ఆగలేక రాస్తన్నాను. పేపర్లో పడింది. పస్టు క్లాసు. మీ మావ సూసినాడు, నేను సూసినాను, పక్కింటాయన కళ్ళద్దాలు పెట్టుకుని సూసినాడు. మీ బళ్ళో పస్టు క్లాసులో ఉన్నోళ్ళు ఏళ్ళ మీద లెక్కెట్టొచ్చంట. మిల్లు లైనంతా పంచదార పంచినాను. ఎదురింటి కూర్మమ్మకి రెండుసార్లు పంచినాను, ఆవిడ కూతురు తప్పింది.

మీ మావ ఇజీనారం కాలేజీకి పోయి పి.యు.సి.కి అప్లికేసను తెస్తానన్నాడు. మళ్ళీ పొద్దున్నే జడెయ్యాల, కారేజీ కట్టాల. నాకు ఇసుగనుకున్నావేటి, ఈ నెల్లాళ్ళూ ఇల్లు బావురుమంటన్నాది.

అమ్మకి సెప్పు. మా అన్నకి సెప్పు. ఊరంతా సెప్పు.

మీ అత్త


తుంబవాడ,
జూన్ 18

అత్తా,

నీ కవరు అందింది. అందినట్టు ఎవరికీ తెలీదు. పోస్టుమాన్ నూకయ్య నా చేతికిచ్చి, "అత్త ఏటి రాసినాదమ్మా, పరీచ్చ సంగతా?" అన్నాడు. ఆవకాయ సంగతి అన్నాను. గడ్డివాము వెనక్కి వెళ్ళి చదివాను. ఫస్టు క్లాసు అన్న మాట చూసి అక్కడే గడ్డిలో మొహం పెట్టుకుని ఏడ్చాను. ఎవరైనా పాసైతే ఇలా ఏడుస్తారా?

ఈపాటికి నా ఉత్తరం నీకు అంది ఉంటుంది. అందితే నీకు అర్థమయ్యే ఉంటుంది. పాసైతే ఇస్తానన్నది మొక్కు. పాసయ్యాను.

నిన్న సూరయ్య గారి అరుగు మీద అందరూ కూర్చున్నారు. జూలై రెండు, మంగళవారం, తల్లికి పండగ చెయ్యాలని నిర్ణయించారు. మా కరియోడిని పసుపు నీళ్ళు పోసి తీసుకురమ్మన్నారు. నాన్న కిందకి చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మామ్మ లేచి అంది, నేను వాళ్ళ గుమ్మం వెనకనుంచి విన్నాను. "పిల్ల పాసైతేనే మొక్కు. ఇంకా తెలీలేదు. తప్పిందనుకో, తల్లికి మా ఇంట బాకీ లేదు. బాకీ లేనింట్లోంచి తల్లి గడ్డిపరక కూడా పట్టుకెళ్ళదు." సూరయ్య గారు అది న్యాయమే అన్నారు. ఫలితం వచ్చేదాకా చూద్దామన్నారు.

అత్తా, నాకు ఒక్కటే దారి కనిపిస్తోంది. నేను తప్పానని రాయి.

కవరు వద్దు, కార్డు రాయి. కవరైతే నేను చదివి చెప్పాలి, నేను చెబితే ఎవరు నమ్ముతారు? కార్డైతే నూకయ్య చదువుతాడు, దారిలో అరుగు మీద సూరయ్య గారు చదువుతారు, మా గుమ్మం దాకా వచ్చేసరికి ఊరందరికీ తెలిసిపోతుంది. నాన్న పేరున రాయి. నాన్నకి కూడా నిజం చెప్పను. నాన్న మొహంలో ఏదీ దాగదు.

పి.యు.సి. గురించి నువ్వు అడుగుతావని తెలుసు. కరియోడు పోతే ఈ ఏడు నాట్లుండవు. నాట్లు లేకపోతే నేను కాలేజీకి ఎలాగూ రాలేను. అప్లికేషను తేవద్దని మావకి చెప్పు.

నా మాట కాదనకు.

పద్మ


నెల్లిమర్ల,
జూన్ 22

పద్మా,

రాయను.

నేను అయిదు దాకా సదివినాను. ఆరుకి పంపమని అమ్మ కాళ్ళు పట్టుకున్నాను. ఆడపిల్లకి ఉత్తరం రాయడం వస్తే సాలు అంది. అందుకే నిన్ను అడిగి తెచ్చుకున్నాను. నువ్వు రైలెక్కి బడికి పోతుంటే కిటికీలోంచి నీ రిబ్బను కనబడేదాకా ప్లాటుఫారం మీద నిలబడేదాన్ని. ఇప్పుడు పంచదార పంచిన ఈ సేత్తోనే నువ్వు తప్పినావని రాయమంటావా? నాకు వచ్చిన ఆ నాలుగు అచ్చరాలూ దీనికేనా?

మీ మావ ఏజెంటుని కలిసినాడు. సేజేతులా నరికినదానికి కంపెనీ ఎందుకిస్తాది అన్నాడంట. రోగం కనబడితే వెంటనే టెలిగ్రాం ఇమ్మన్నాడు, అంతే.

అమ్మకి నిజం సెప్పు. తిడతాది. అన్నం మానేస్తాది. మా గడప తొక్కదు. తొక్కకపోనీ. దున్న కోసం నిన్ను నువ్వు అమ్మేసుకుంటావా?

మీ అత్త


తుంబవాడ,
జూన్ 25

అత్తా,

నిన్న సూరయ్య గారి పాలగేదె కూడా పోయింది. ఆయన పెద్దకొడుకు మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. వెనక చాలామంది ఉన్నారు. "సోములు మావా, ఊరంతా పసువులు పోతంటే మీ సాలలో ఒక్కటీ దగ్గదేటి? ఎండల్లో మీ ఇంటికొచ్చిన పేంటోళ్ళు ఎవులు? సాలలోకెల్లి ఏటి సేసినారు?" అన్నాడు. వెనకనుంచి ఎవరో చిల్లంగి అన్న మాట అన్నారు. మెల్లగానే అన్నారు, అందరికీ వినిపించింది.

నాన్న నోరు తెరిచాడు. చెప్పేసేవాడే. నేను ముందుకొచ్చి, వాళ్ళు నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారు అన్నాను. ఎవరో నవ్వారు, "పెళ్ళికూతుర్ని సాలలో సూపించినారేటి మావా" అన్నారు, ఇంకొందరు నవ్వారు. వెళ్ళిపోయారు. నాన్న నవ్వలేదు. మామ్మ తలుపు పట్టుకుని నా మొహంలోకి చాలాసేపు చూసింది.

ఈసారికి వెళ్ళారు. మళ్ళీ వస్తారు.

నీ చేతి రాత నాన్న గుర్తుపడతాడు. ఇంకెవరు రాసినా నమ్మరు. నీ కాళ్ళు పట్టుకుంటున్నాననుకో.

పద్మ


[కార్డు]

నెల్లిమర్ల,
జూన్ 28

మా అన్న సోములుకి చెల్లెలు గున్నమ్మ రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పేపరు సూసినాం. మన పద్మ నంబరు లేదు. పరీక్ష తప్పింది. పిల్లని తిట్టకు. అమ్మకి నిదానంగా సెప్పు. ఇక్కడ వానలు బాగున్నాయి. పెరట్లో ఆనపపాదు కాసింది.

గున్నమ్మ


తుంబవాడ,
జూలై 15

అత్తా,

నీ కార్డు నేననుకున్నట్టే వచ్చింది. నూకయ్య అరుగు దగ్గర ఆగాడు, సూరయ్య గారు పైకి చదివారు, ఆనపపాదు దాకా మొత్తం చదివారు. తర్వాత వీధంతా వరసగా వచ్చి నన్ను ఓదార్చారు. ఇంగ్లీషు బడికి పంపకుండా ఉండాల్సింది అన్నారు. కరియోడి తాడు మా చేతికే వదిలేశారు. మంగళవారం తల్లికి కోళ్ళతో సరిపెట్టారు.

నాన్న నన్ను తిట్టలేదు. అన్నం దగ్గర తన కంచంలోంచి చేప ముక్క తీసి నా కంచంలో వేశాడు. "ఒక ఏడేకదా. సెప్టెంబర్లో మళ్ళీ కట్టు" అన్నాడు.

మర్నాడు కాడి కట్టాడు. నేనూ వెళ్ళాను. బొల్లోడు కరియోడి మెడ వాసన చూశాడు, ఇద్దరూ మడిలో దిగారు. దున్నిన ఆ నాలుగు రోజులూ నేను చేసింది మంచిపనే అనుకున్నాను.

తర్వాత బొల్లోడు మేత ముట్టలేదు.

నాన్న సైకిలు మీద పాతపట్నం వెళ్ళాడు. డాక్టరు వచ్చేసరికి గొంతు ఉబ్బి నాలుక బయటికి వచ్చేసింది. గురక ఇంటి ముందు దాకా వినబడుతోంది. సూది వేశారు. పని చెయ్యలేదు. కరియోడు తాడు తెంపుకుని వచ్చి బొల్లోడి పక్కన, కాడిలో నిలబడే ఎడమ పక్కనే నిలబడ్డాడు. ఎంత లాగినా కదల్లేదు. నాన్న నా దగ్గరికి వచ్చి, కరియోడికి కూడా అంటుకుంటుందేమో డాక్టరుని ఇంగ్లీషులో అడగమన్నాడు. తెలుగులోనే అడిగాను. డాక్టరు కరియోడి చెవి పట్టుకుని చూసి, "దీనికి మే నెలలోనే గొంతువాపు రాకుండా సూది వేశాం కదా, దీనికి రాదు. ఆ రోజే రెండోదానికి కూడా వేయించుకోవాల్సింది. ఈ సూదికి డబ్బులు కూడా తీసుకోం" అన్నారు.

కాగితంలో ఉన్న ప్రతి మాటా చదివాను అత్తా. ఏది రాయించాలి, ఏది వదలాలి అని తూకం వేశాను. బొల్లోడు అప్పుడు నా వెనకే ఉన్నాడు, నా జడ వాసన చూస్తున్నాడు. డాక్టరు పెట్టె తెరిచే ఉంది. దీనికి కూడా వెయ్యండి అని ఒక్క మాట అడగలేదు. కాగితంలో లేదు కాబట్టి నాకు తట్టలేదు.

చీకటి పడకముందే పోయాడు.

డాక్టరు మాటలు మామ్మ విన్నది. ఆయన వెళ్ళాక నన్ను సాలలో కూర్చోబెట్టింది. "పెళ్ళోరు సూదులెట్టుకుని రారే" అంది. చెప్పేశాను. ఇన్సూరెన్సు సంగతి, డాక్టరు చెవి తుంచడం, నేను తల ఊపడం, అన్నీ. పాసైన సంగతి ఒక్కటే చెప్పలేదు. దాన్ని కూడా లాగేస్తే నీ కార్డు బయటపడుతుంది. నిన్నెందుకు ముంచాలి?

మామ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. బొల్లోడి కొమ్ముల మధ్య పసుపు రాస్తూ కూర్చుంది. రాస్తూనే అంది. "నువ్వు తలూపినావు. అబద్ధానికి ఊపినావో నిజానికి ఊపినావో తల్లికెందుకు? ఊపినావు, ఇంది. పాసైతే దున్న అన్నావు. తల్లి వచ్చి దున్నని పట్టుకుపోనాది."

పసుపు రాసే చెయ్యి ఆపి నా వైపు తిరిగింది.

"బాకీ లేనింట్లోంచి తల్లి గడ్డిపరక పట్టుకెళ్ళదు. మరి తప్పినావని మీ అత్త ఎందుకు రాసినాదే?"

ఈసారి నేను తల ఊపలేదు అత్తా. అటూ ఊపలేదు, ఇటూ ఊపలేదు. మామ్మ నా గడ్డం పట్టుకుని పైకెత్తి చూసింది. తర్వాత వదిలేసింది. ఇవాళ కాగితం తెమ్మంది, తను చెప్పింది చెప్పినట్టు రాయమంది. ఆ ఉత్తరం కూడా దీనితోనే పెడుతున్నాను.

ఊళ్ళో అందరూ అదే అంటున్నారు, తల్లి తన వాటా తీసుకుంది, ఇంక శాంతిస్తుంది అని. నా పాసుకి బదులుగా బొల్లోడు వెళ్ళాడు. నాకు ఆ పాసు వద్దనిపిస్తోంది. సాలలోకి వెళ్ళలేకపోతున్నాను. వెళ్తే కరియోడు నా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తాడు.

పద్మ


తుంబవాడ,
జూలై 15

నెల్లిమర్లలో ఉన్న కూతురు గున్నమ్మకి తల్లి జగ్గమ్మ సెప్పి రాయిస్తన్నది.

బొల్లోడు పోనాడు. మీ అన్న రెండు దినాలు అన్నం ముట్టలేదు, ఇప్పుడు తింటన్నాడు. కరియోడిని సూరయ్య ఇంట్లో మిగిలిన దున్నతో జత కట్టినారు. పొద్దున మన మడి, మాపు ఆళ్ళ మడి. కరియోడు పక్కకి లాగేస్తన్నాడు. నేర్సుకుంటాడు.

పసువుల డాక్టరుని మళ్ళీ పిలిపించినాను. ఊళ్ళో పసువులన్నిటికీ సూది ఎయ్యమన్నాను. తల్లికి కోపం వస్తాదని సూరయ్య అడ్డం వచ్చినాడు. తల్లి తనకి రావాల్సింది పట్టుకుపోనాది, మిగిలినాటి మీద తల్లికి హక్కు లేదు, డాక్టరు సూసుకుంటాడు అన్నాను. పక్కకి తప్పుకున్నాడు.

ఆ కాగితం సంగతి నాకు తెలిసిపోనాదని మీ ఆయనకి సెప్పు. ఈ ఏడంతా మా గడప తొక్కొద్దని సెప్పు. నువ్వు రా.

పిల్ల నంబరు మళ్ళీ సూడు. నీ కళ్ళకి కనబడకపోతే మీ ఆయన్ని సూడమను. పేపరు పారేసుంటే ఇజీనారం పోయి పెద్ద బళ్ళో అడిగి సూడు. తల్లి తప్పు లెక్క కట్టదు. తప్పు సూసింది నువ్వే అయ్యుంటావు.

పిల్ల ఇది రాస్తా ఏడస్తన్నాది. అచ్చరాలు సెదిరిపోతే అందుకే.

సూసినాక వెంటనే రాయి. కవరు వద్దు. కార్డు రాయి, దార్లో అందరూ సదువుకోనీ.